గోపాలం వదిలేసిన మాట

మార్సెల్ దొర ఎండబెట్టి దాచిన మొక్కలకు గోపాలం ఫీనిక్స్ అనే ఊళ్లో చీటీలు రాసేవాడు. 1961లో దొర పోయాక, పురుగు తిన్న పాత చీటీలన్నీ తన గుండ్రటి అక్షరాలతో తిరగరాశాడు. దొర నేర్పిన నాలుగు లాటిన్ ముక్కలు తలకెక్కి, తనంత చదివినవాడు లేడనుకునేవాడు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని ఊరికే అన్నారా!

ఆ మధ్యాహ్నం పాత చీటీల కట్ట పారేయబోతూ ఒకదాన్ని చూసి కొయ్యబారిపోయాడు. మొక్క పేరు పక్కన దొర చేతిరాతలో ‘దుబితాంతెర్’ అని ఉంది. సందేహిస్తూ అని దాని అర్థం. ఈ మొక్క అదేనేమో, కాదేమో అనిపించినప్పుడల్లా దొర పేరు పక్కన ఆ మాట చేర్చేవాడు. అది రాయడానికి సిగ్గుపడకూడదని గోపాలానికి చెప్పాడు కూడా. గోపాలమే సిగ్గుపడ్డాడు. కొత్త చీటీ మీద ఆ మాట బాగుండదని వదిలేశాడు.

ముందురోజు ఆదివారం అక్క ఈశ్వరమ్మ వాగు పక్కన కోసిన ఆకు తెచ్చి చూపిస్తే, దాన్ని ఆ ఎండు మొక్కతో పోల్చి, కొత్త చీటీనే నమ్మి, "మంచి బ్రేదే అక్కా, తినే ఆకే, కూర వండుకో," అన్నాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు సుయాక్‌లో మనవరాలితో ఉంటోంది.

గోపాలం వెంటనే సుయాక్ బస్సెక్కాడు. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరును తిట్టుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలుసు, అయినా తిట్టుకున్నాడు.

అక్క ఇంట్లో పొయ్యి పక్కన గిన్నె ఖాళీగా ఉంది. మనవరాలు ముత్యాలమ్మ చాప మీద కదలకుండా పడుకుని ఉంది. గోపాలం భుజాలు పట్టి కుదిపాడు. పిల్ల కళ్లు తెరిచి, నిద్ర చెడగొట్టినందుకు ఏడుపు లంకించుకుంది.

"కి అరివే, తమ్ముడూ? ఏమైంది?" గుమ్మం పట్టుకుని అక్క అడిగింది.

"ఆ ఆకు పిల్ల తిన్నదా?"

"పొద్దున ఒక్క ముద్ద పెడితే ఉమ్మేసింది. చేదంట."

గోపాలానికి పోయిన ప్రాణం లేచివచ్చింది. "అక్కా, అదేం ఆకో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పేశాను."

అక్క గుమ్మం వదల్లేదు. వదిలితే పడిపోతుందని అతనికి అప్పుడు కనబడింది.

"పారెయ్యడం ఎందుకని మిగిలిందంతా నేనే తిన్నా," అంది. "పెదాలు మొద్దుబారినాయి, తమ్ముడూ. నువ్వు మంచిదని చెప్పినావు కదా, కూరవల్ల అయ్యుండదని ఊరుకున్నా."