నీలి గోడలో ఉడుము

మూతపడిన పేపరు మిల్లుకు ఫొటోలు తీయడానికి వెళ్తానని కోడలు అన్నప్పుడల్లా అత్తగారిది ఒకటే మాట.

"బతికున్న మనుషులు మా ఫొటో తియ్యి, మా ఫొటో తియ్యి అని వెంటపడుతుంటే, చచ్చిన మిల్లు చుట్టూ తిరుగుతావేంటమ్మాయ్?"

కోడలు పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫొటోలు తీసేది. మనసు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ కెమెరా మీదే ఉండేది. తెలిసిన మెకానిక్ ఒకాయన పాత కెమెరా విప్పి, లోపలి అద్దం మార్చి ఇచ్చాడు. మన కంటికి ఆనని వెలుగును అది పట్టుకుంటుంది. అందులో ఆకాశం నల్లబడుతుంది, పచ్చని ఆకులు మంచు కప్పినట్టు తెల్లబడతాయి. తుప్పు గొట్టాలను అల్లుకున్న తీగలు అలా మెరుస్తుంటే ఆమెకు ఆకలిదప్పులు గుర్తుకొచ్చేవి కావు.

ఆ మిల్లుకే వెళ్లడానికి ఇంకో కారణమూ ఉంది. చనిపోయిన మావగారు అక్కడి బాయిలరు గదిలో పనిచేశారు. ఒకసారి ఆవిరి గొట్టం పగిలి ఆయన లోపల చిక్కుకుంటే, ఒక ఫిట్టరు దూకి, చంకల కింద చేతులేసి బయటికి లాగాడు. తన చేతులు కాలుతున్నా వదల్లేదు. పట్టిన పట్టు విడవడు కాబట్టి మిల్లులో అందరూ అతన్ని ఉడుము అనేవారు. అత్తగారు అతన్ని ఒక్కసారైనా చూసింది లేదు. భోజనానికి రమ్మని పిలిస్తే, "వస్తానని వదినకు చెప్పు" అని కబురు పంపేవాడే గాని గడప తొక్కేవాడు కాదు. మావగారు కోలుకుని పనిలో చేరాక బాయిలరు గది గోడ మీద బొగ్గుతో అతని బొమ్మ గీశారు. కొత్తగా వచ్చిన మేనేజరు గోడలు మురికిగా ఉన్నాయని పల్చగా నీలిరంగు కొట్టించాడు. ఆ తర్వాత మిల్లే పోయింది. మనుషులు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మావగారు ఎంత వెతికినా ఉడుము ఆచూకీ దొరకలేదు.

ఒకరోజు ఉదయం మిల్లు వాచ్‌మన్ తాళం తీసి, "మెట్లెక్కకండమ్మా, అవి మెట్లు కావు, అప్పడాలు" అని హెచ్చరించి వెళ్లాడు. బాయిలరు గది కప్పు సగం కూలి, ఎండ గోడ మీద పడుతోంది. కిటికీలోంచి దిగిన తీగను ఫొటో తీసి, తెర మీద చూసుకుంది కోడలు. తెల్లటి ఆకుల పక్కన ఒక మనిషి ఆమెనే చూస్తున్నాడు.

తలెత్తితే వట్టి నీలిరంగు. మళ్లీ తీసింది. మళ్లీ అతనే. పల్చటి రంగును దాటుకుని కెమెరా కింది బొగ్గు గీతలను పట్టేసింది. గుబురు కనుబొమలు, దిట్టమైన ముక్కు, కింద పెద్ద అక్షరాలతో ఉడుము అన్న పేరు. ఆమె అక్కడే ఇటుకల కుప్ప మీద కూర్చుంది. బొమ్మ గీసిన మావగారి చేతికీ, కెమెరా మార్చిచ్చిన మెకానిక్ చేతికీ కలిపి మనసులోనే దండం పెట్టుకుంది.

ఇంటికొచ్చి ఆ ఫొటో చూపిస్తే అత్తగారు కింది అక్షరాల మీద వేలు పెట్టింది.

"మీ మావగారి రాతే. 'ము'ని అంత పొడుగ్గా సాగదీసేది ఆయనొక్కరే" అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ముక్కు నిజంగానే అంతుంటుందంటావా?" అని అడిగింది.

మర్నాడు ఇద్దరూ ఆ ఫొటో పట్టుకుని మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ దగ్గరికి వెళ్లారు. ఆవిడ ఒక్క చూపు చూసి నవ్వింది.

"ఈ ముక్కును మర్చిపోతామా! పై ఊళ్లలో పనిచేసి ఈమధ్యనే తిరిగొచ్చాడు. రైలు గేటు అవతల కూతురి దగ్గర ఉంటున్నాడు."

వెళ్లేసరికి ముసలాయన వరండాలో కుళాయి ఒకటి విప్పుతున్నాడు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు మెరుస్తున్నాయి. కోడలు చెప్పిన విషయం విని ఫొటోను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది నేనా? ముఖం కంటే ముందు ముక్కే వచ్చి కూర్చుందే! గదిలో బొగ్గంతా దీనికే తగలేసినట్టున్నాడు" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఫొటోను ఒళ్లోకి దించుకున్నాడు. "పోయాడా? నాకు తెలియదు వదినా."

"భోజనానికి ఎందుకు రాలేదు మీరు?" అత్తగారి మొదటి మాట అదే. ఇన్నేళ్లూ నాలుక చివర పెట్టుకున్నట్టే అడిగింది.

"ఎలా వస్తాను? మనిషి ఒళ్లంతా కాలి మంచం మీద మూలుగుతుంటే, నేను పీట మీద కూర్చుని పొగడ్తలు తినాలా?"

అత్తగారు ఆ మచ్చల చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె అలా ఎవరి చేతులైనా పట్టుకోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆయన కూతురు టీ ఇచ్చింది. అత్తగారు మొదలుపెట్టింది. ఆ ప్రమాదం నుంచి బయటపడ్డాక భర్త ఏమేం చేశాడో ఒక్కటీ వదలకుండా చెప్పింది. కొడుకు పెళ్లిలో కొత్త చెప్పులు పోగొట్టుకుని వట్టికాళ్లతో తిరగడం, మనవరాలికి సైకిలు నేర్పబోయి తనే కాలవలో పడటం, కోడలికి మొదటి కెమెరా కొనిపించడానికి ఇంట్లో పోట్లాడటం.

చివరిది కోడలికి ఇంతవరకూ తెలియదు.

"మావయ్య పోట్లాడారా? ఎవరితో అత్తయ్యా?"

"ఎవరితోనో ఏంటి, నాతోనే" అంది అత్తగారు. "పోన్లే, ఆయనే గెలిచాడు."

ముసలాయన కుళాయిని పక్కన పెట్టేసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కాలవలో పడ్డాక ఏమైంది వదినా? అది చెప్పు."