రాయిలో లేని నూనె

ఇక్కడి బావులు మూసేసి మా బావను నడిసముద్రంలోని చమురు ప్లాట్‌ఫారం మీదికి బదిలీ చేస్తే, అక్క ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని నా రెండు గదుల ఇంటికి వచ్చేస్తానంది. పెద్దవాడు గోడల మీద బొమ్మలు గీస్తాడు, చిన్నది కరుస్తుంది. మా చమురు బావులు మూతపడకపోవడం దేశానికి ఎంత అవసరమో తెలియదు గాని, నాకు మాత్రం చాలా అవసరం.

బావ ఆ బావులకు మేనేజరు, నేను అక్కడి ల్యాబులో కెమిస్టుని. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. రాతి సందుల్లో అంటుకుని ఉంటుంది. నీళ్ళు ఎక్కించి తోస్తే సగం బయటికొస్తుంది. ఆ తర్వాత నీళ్ళు తమకు అలవాటైన దారినే పోతాయి, మిగతా చమురు ఉలకదు పలకదు. అదే నీళ్ళు చిక్కగా ఉంటే నాలుగు వైపులా పాకి తోస్తాయి. చిక్కబరిచే మందులు ఫ్యాక్టరీల్లో దొరుకుతాయి. ముసలి బావులకు అంత ఖర్చు దండగని హెడ్డాఫీసు ఏనాడో తేల్చేసింది. అందుకని నేను అవిసె గింజలు నానబెట్టి జిగురు తీశాను. అప్పటినుంచీ బావ నన్ను ఆకుపసరు డాక్టరంటాడు. ఆకుకీ గింజకీ తేడా తెలియని మనిషికి మేనేజరు ఉద్యోగం ఎవరిచ్చారో మరి.

హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వస్తున్నాడనీ, బావుల సంగతి అటో ఇటో తేల్చేస్తాడనీ కబురొచ్చింది. నానబెట్టే ఓపిక లేక ఈసారి గింజల్ని మిక్సీలో వేసి మెత్తగా రుబ్బేశాను. బొటనవేలంత రాతిముక్కకు చమురు పట్టించి, ఉక్కు గొట్టంలో బిగించి, ముందు నీళ్ళు, వెనక జిగురు ఎక్కించాను. బయటికొచ్చిన చమురు కొలిస్తే నూటికి నూట నాలుగు పాళ్ళు. పట్టించినదానికంటే ఎక్కువ. నేనింకా తల గోక్కుంటుండగానే బావ నా భుజం మీదుగా ఆ అంకె చూసి, అక్కడికక్కడే పెద్దసారుకి ఫోన్ చేసి చెప్పేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

రాయిలో లేని నూనె ఎక్కడినుంచి ఊడిపడిందని అడిగాను. రాయికి నా మీద ప్రేమ పుట్టిందేమో అన్నాడు. జవాబు మిక్సీ గిన్నె అడుగున ఉంది, పసుపుపచ్చగా, జిడ్డుగా. రుబ్బితే అవిసె గింజ నూనె కక్కుతుందని ఎవరినడిగినా చెబుతారు. నాకు రెండు డిగ్రీలున్నాయి.

ఈసారి గింజలు రుబ్బకుండా నానబెట్టి, జిగురు వడకట్టి, కొత్త రాయితో మళ్ళీ మొదలుపెట్టాను. నీళ్ళతో సగం వచ్చింది, జిగురుతో ఇంకో తొమ్మిది పాళ్ళు. నిజానికి అది మంచి అంకే. బావకు మాత్రం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. పెద్దసారు ముందు నోరెత్తవద్దని బతిమాలాడు. అక్క అటక మీంచి ట్రంకుపెట్టె దించిందని కూడా చెప్పాడు. అది బతిమాలడం కాదు, బెదిరింపు.

మీటింగులో పెద్దసారు టీ తాగుతూ, ఈ బావుల్లో ఇంత చమురుందని తనకు తెలియనే తెలియదే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బావ లేచి వెళ్ళి ఊరికే కిటికీ తెరిచాడు. నా కళ్ళ ముందు చిన్నదాని పళ్ళు మెదిలాయి. కానీ నూట నాలుగని నమ్మించి బావిలో దింపాక అంత రాకపోతే, నా జిగురుని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. నాకు ఆ జిగురంటే ప్రాణం.

"సార్, ఆ అంకె తప్పు," అన్నాను. "ఎక్కువొచ్చింది గింజల నూనె. నా జిగురుతో నిజంగా వచ్చేది తొమ్మిది పాళ్ళే."

బావ కిటికీ దగ్గర దగ్గాడు. పెద్దసారు కప్పు కింద పెట్టాడు.

"నూట నాలుగు అన్నారని, బావులతో పాటు ఈ ల్యాబుకి కూడా తాళం వేద్దామనే వచ్చానమ్మా. తొమ్మిదంటే నమ్ముతాను. ఒక బావి ఇస్తా, చేసి చూపించు."

బావ వెంటనే ఇటు తిరిగి, తాను మొదటినుంచీ తొమ్మిదే అంటున్నానన్నాడు. సిగ్గనేది ఆ మనిషి గడప ఎప్పుడూ తొక్కలేదు.

కొన్ని నెలలకు ఆ ముసలి బావిలో చమురు పెరిగింది. పంపు పక్కన నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే. జిగురు మిగతా బావులకు కూడా ఎక్కించమన్నారు. బావ బదిలీ ఆగిపోయింది.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. తీస్తే అక్క. వెనక ట్రంకుపెట్టె, దాని మీద చిన్నది, దాని వెనక పెద్దవాడు, అందరికంటే వెనక చంకలో దిండుతో బావ. బావ సముద్రానికి పోలేదుగా, మరి ఇదేమిటని అడిగాను.

"పోయినా బాగుండేదే," అంది అక్క. "జిగురు తీసేసిన నీ గింజలన్నీ మా క్వార్టర్స్ వెనకే గుట్టలు పోస్తున్నారు. కుళ్ళి ఒకటే కంపు. ముక్కు మూసుకుని ఎంతకాలమని కాపురం చేస్తాం? ఆ బావులు నడిచినన్నాళ్ళూ ఇక్కడే ఉంటాం."

ఎన్నాళ్ళు నడుస్తాయో అడగబోయి ఆగాను. పదిహేనేళ్ళని హెడ్డాఫీసుకు రాసిచ్చింది నేనే. ఆ అంకెలో మాత్రం తప్పు లేదు.