ఎడమచేతి వాటం

డాక్టర్ అడిగింది నన్నే. జవాబు చెప్పింది మా ఆయన.

"ఏ చేత్తో పని చేసుకుంటారమ్మా?"

"కుడిచేతి వాటమే డాక్టర్ గారూ. ఆ ఎడమ చేతికి చేసేయండి. కుడి చేయి ఉంటే చాలు, పని ఆగదు."

డాక్టర్ తలూపి నా ఎడమ జబ్బకు పట్టీ బిగించాడు. నరాలు ఉబ్బాక నీలం పెన్నుతో మణికట్టు నుంచి పైకి గీత గీయడం మొదలుపెట్టాడు. మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదట. చేతిలో ఒక సిరను పక్కనున్న ధమనికి కలిపి కుడితే, రెండు నెలల్లో అది లావెక్కి గట్టిపడుతుందట. ఇక వారానికి మూడుసార్లు సూదులు దానికే. "ఆ చేత్తో బరువులెత్తొద్దు, బట్టలు పిండొద్దు. ఎప్పటికీ జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నాడు డాక్టర్.

"సీజన్ అయ్యాక పెట్టుకుంటే కుదరదాండీ? మా లాడ్జీలో ఆరు గదులూ నిండి ఉన్నాయి" అన్నాడు మా ఆయన. డాక్టర్ విననట్టే గీత గీస్తూ పోయాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇరవై రెండేళ్ల కాపురం. ఈ మనిషికి నాది ఎడమచేతి వాటమని తెలియదు. ఎలా తెలుస్తుంది? నేను దుప్పట్లు పిండేటప్పుడు, బాత్రూములు తోమేటప్పుడు ఆయన ఆ ఛాయలకే రాడు. ఆయనకు కనిపించేది వడ్డించే చేయి. అది కుడిది. "నలుగురి ముందు ఆ పుర్రచేయి చాపకే అమ్మాయ్, చూడ్డానికి బాగోదు" అని అత్తయ్య మొదటి వారంలోనే చెప్పింది. ఊరు చూడ్డానికి జనం రావడం మొదలై ఇల్లు లాడ్జీ అయ్యాక, ఆ నలుగురూ నలభై మందయ్యారు. మేం వెనక సామాన్ల గదిలోకి మారాం. వచ్చినవాళ్లు "ఎంత ప్రశాంతంగా ఉందో మీ ఊరు" అంటారు. ఆ మాట వినడానికి నాకు కూర్చునే తీరిక ఉండదు.

మా నాన్న పడవలకు రంగులు వేసేవాడు. పేర్లు రాసే పని నాకు వదిలేసేవాడు. పడవ పక్క వంపు తిరిగి ఉంటుంది కదా, అక్షరాన్ని దాంతోపాటే కాస్త వాల్చాలి. అప్పుడే ఒడ్డు నుంచి చూస్తే నిటారుగా కనిపిస్తుంది. "నీ చేతిలో అక్షరం నిలబడుతుందే తల్లీ" అనేవాడు నాన్న. ఏ చేతిలో అని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు చేపల పడవలన్నీ జనాన్ని తిప్పుతున్నాయి. పేర్లున్న చోట పట్నం నుంచి వచ్చిన స్టిక్కర్లు, ఫోన్ నంబర్లు. ఏటికి అవతలి ఒడ్డున మాత్రం పాత పడవలు ఇంకా ఓ పదో పన్నెండో ఉన్నాయి. దుప్పట్లు ఆరేస్తూ వాటినే చూస్తుంటాను. ఆ వార్నిష్ వాసన కోసం, కుంచె చివర తడి కోసం ప్రాణం కొట్టుకుపోతుంది. ఒకసారి, వెళ్లి వాటికి పేర్లు రాసి రానా అని మా ఆయన్ని అడిగాను. "నీకిప్పుడు అదొక్కటే తక్కువ" అన్నాడు. ఇక అడగలేదు.

గీత మోచేతి దాకా వచ్చింది. రేపు పొద్దున దాని పక్కనే కత్తి దిగుతుంది. ఆ తర్వాత ఈ చేయి నాది కాదు, సూదులది.

"ఆ చేయి కాదండీ" అన్నాను. "నాది ఎడమచేతి వాటం."

పెన్ను ఆగింది. మా ఆయన నావైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

"మరి కుడి చేయి కోస్తే వచ్చినవాళ్లకి వడ్డించేదెవరే?"

డాక్టర్ తన స్టూలు నా ఇంకో పక్కకు జరుపుకుని, కుడి చేతికి పట్టీ కట్టి, వేళ్లతో నెమ్మదిగా తడిమి చూశాడు. "ఈ నరమూ బాగానే ఉంది. దీనికే చేద్దాం" అన్నాడు. నర్సు దూదితో నా ఎడమ చేతి మీది గీత తుడిచేసింది.

డాక్టర్ నా కాగితాలు తిరగేశాడు. "ఇక్కడ గృహిణి అని ఉంది. ఇంతకీ ఎడమ చేత్తో ఏం పని చేస్తారమ్మా?"

మా ఆయన నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు నేనే చెప్పాను.

"పడవల మీద పేర్లు రాస్తానండీ."