ఒకటి నొక్కితే అవును

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను మెసేజక్క అని పిలిచేవారు. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. పందొమ్మిదేళ్లుగా అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిరి మరల మోతలో మిగతావాళ్లు ఒకరికొకరు వినపడక గొంతులు చించుకుంటుంటే, ఆమె ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసి అవతలి వాళ్లకి నాలుగక్షరాలు కొట్టేది. పని జరిగిపోయేది. ఆ గదిలో చెవులున్న వాళ్లకే ఇబ్బంది.

ఆమె భర్త సిటీ బస్సు కండక్టర్. ఆయన గొంతు విప్పితే వెనక బస్సులో వాళ్లు కూడా ఉలిక్కిపడి టికెట్ తీసుకుంటారని డిపోలో హాస్యమాడేవారు.

"దేవుడు నా వాటా గొంతు కూడా నీకే ఇచ్చేశాడు" అని చేతులతో దెప్పేది మెసేజక్క.

"నీదే వాడుతున్నా. నాది పండక్కి దాచిపెట్టా" అనేవాడాయన, ఆమెకు పెదవులు కనబడేలా ముందుకొచ్చి.

ఆమె దగ్గరొక నోటుపుస్తకం ఉంది. కీప్యాడ్ ఫోన్ కొన్న మొదటి వారంలో మొదలుపెట్టింది. అప్పట్లో ఒక్కో మీటకి మూడేసి అక్షరాలు. మూడోది కావాలంటే మూడుసార్లు నొక్కాలి. బొటనవేలు కాయకాసేది. పైగా ఒక మెసేజ్‌లో ఇన్నే అక్షరాలు పట్టాలన్న రూలొకటి. దాంతో జనం ముందు అచ్చుల్ని కోసేశారు. హల్లులు మాత్రం చేప ముళ్లలా మిగిలేవి. అయినా అందరికీ అర్థమయ్యేది. తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల కాలం వచ్చింది. 'బీఆర్‌బీ' అని కొట్టి లేచిపోయేవారు, ఇప్పుడే వస్తానని. ఆ మాట ఎలా చచ్చిపోయిందో కూడా ఆమె రాసిపెట్టుకుంది: "ఫోన్ జేబులోకి వచ్చాక ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదు. ఇక వస్తానని చెప్పడమెందుకు?" ఎడమ పేజీలో పుట్టిన మాటలు, కుడి పేజీలో పోయిన మాటలు. కాలేజీకెళ్లే కూతురు పురుళ్ల కబుర్లూ చావు కబుర్లూ రెండూ మోసుకొచ్చేది.

"అమ్మా, నిన్న మా అత్తావాళ్ల గ్రూపులో ఎల్‌ఓఎల్ అని పెట్టావు. పరువు తీసేశావ్."

"నవ్వొచ్చింది, పెట్టా."

"ఇప్పుడెవరూ అలా నవ్వట్లేదే తల్లీ. పుర్రె బొమ్మ పెడుతున్నారు. నవ్వీ నవ్వీ చచ్చామని."

"చచ్చేంత నవ్వొచ్చినవాడికి బొమ్మ వెతికే ఓపికెక్కడిది?"

కూతురు తల పట్టుకుంది. మెసేజక్క మాత్రం పుస్తకం తెరిచి, ఎడమ పేజీలో పుర్రె బొమ్మ వేసి, పక్కన తారీఖు రాసింది.

ఆ కూతురే ఒకరోజు ప్రకటన పట్టుకొచ్చింది. అత్యవసర సహాయ కేంద్రంలో మెసేజ్‌ల విభాగం తెరుస్తున్నారట. ఆపదలో ఉండి ఫోన్లో మాట్లాడలేని వాళ్లు మెసేజ్ పెడితే చూసే పని. మెసేజక్క ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. యాభై రెండేళ్ల వయసు వరకూ ఏ దరఖాస్తులో చూసినా 'లోపాలు' అన్న గడిలోనే ఆమె సంగతి రాసేవారు. ఆమెకి వచ్చిన విద్యకి గడి ఉన్న కాగితాన్ని ఆమె అదే మొదటిసారి చూడటం. ఈ ఉద్యోగం రావాలి. రాకపోతే లాండ్రీ ఎటూ ఉంది, ఇంట్లో పొయ్యి ఆరిపోదు. కానీ రావాలి.

రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది ఒకరోజు పని పరీక్ష. ఆరోజు సాయంత్రానికి తేల్చేస్తారు.

పొడవాటి హాలు. వరసగా బల్లలు, ప్రతి బల్లకీ ఒక కొక్కెం, కొక్కేనికి హెడ్‌సెట్. మెసేజక్క బల్లకి కొక్కెం ఒక్కటే ఉంది. ఆమె దానికి తన చేతిసంచీ తగిలించింది. సూపర్‌వైజర్ ఆమెకన్నా పదేళ్లు చిన్న. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఇస్త్రీ తెలిసినది కాబట్టి మెసేజక్కకి ఆ విషయంలో గౌరవం కలిగింది. ఆవిడ నిబంధనలు టైపు చేసి చూపించింది. తెర మీద సిద్ధంగా ఉన్న వాక్యాలే పంపాలి. సొంత మాటలు పంపకూడదు, పంపితే పరీక్ష తప్పినట్టే. మూడు నిమిషాలు జవాబు రాకపోతే ఆ మెసేజ్ మూసెయ్యాలి. ఆ వాక్యాలన్నీ ఆవిడే ఆర్నెల్లు కూర్చుని రాసిందట.

మధ్యాహ్నం దాకా అంతా సాఫీగానే సాగింది. రెండున్నరకి ఒక మెసేజ్ వచ్చింది. అందులో ఒక్క చుక్క తప్ప ఏమీ లేదు.

మెసేజక్క నిబంధన ప్రకారం మొదటి వాక్యం పంపింది. 'దయచేసి మీ సమస్యను, పూర్తి చిరునామాను వివరంగా తెలియజేయండి.' తెర మీద గడియారం తిరుగుతోంది. నిమిషం దాటాక ఇంకొకటి వచ్చింది. ఐదారు హల్లులు, అంతే.

పక్క సీటు అమ్మాయి తొంగిచూసి, ఆమె వైపు తిరిగి నిదానంగా పెదవులు కదిపింది. "చిన్నపిల్లలెవరో ఆడుకుంటున్నారు ఆంటీ. పొద్దున నాకూ ఇలాంటివి రెండొచ్చాయి. వదిలెయ్యండి."

మెసేజక్క తల అడ్డంగా ఊపి, తన ఫోన్లో కొట్టి చూపించింది. "పిల్లలు ఇలా రాయరు. బొమ్మలు పెడతారు, నవ్వులు పెడతారు. ఇది మూడక్షరాల మీట మీద చెయ్యి తిరిగినవాడి రాత. నలభై దాటుంటాడు. ఊపిరాడట్లేదంటున్నాడు."

"అయితే రెండో వాక్యం పంపండి మరి!"

రెండో వాక్యం మొదటిదానికన్నా పొడుగు. మెసేజక్క దాన్ని చూసింది. సిద్ధంగా ఉన్న ముప్ఫై వాక్యాల్లో ఒక్కటైనా ఊపిరాడనివాడు జవాబివ్వగలిగేలా లేదు. గడియారం పసుప్పచ్చకి తిరిగింది.

ఆమెకీ ఆమెలాంటి స్నేహితులకీ మధ్య పాతికేళ్లుగా ఒక కట్టుబాటు ఉంది. కాగితం మీద ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పిందీ లేదు. ఖాళీ మెసేజ్ వచ్చిందంటే మనిషి బతికే ఉన్నాడు, వేళ్లు ఆడటం లేదని. అప్పుడు ఒక్క మీటతో జవాబు చెప్పగలిగేలా అడగాలి. ఇటువైపు వాళ్లు పదిసార్లు కొట్టినా, అటువైపు మనిషి ఒక్కసారి నొక్కితే సరిపోవాలి. ఒకసారి జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు ఆమె ప్రాణం నిలిచింది అలాగే.

కొక్కేనికి వేలాడుతున్న సంచీ వైపు ఒక్కసారి చూసింది. సాయంత్రం అది మళ్లీ లాండ్రీకే పోతుందేమో. పోతే పోనీ అనుకుని సొంత మాటలు కొట్టింది.

'1 అవును. 0 కాదు. ఊపిరా?'

పది సెకన్లకి వచ్చింది: 1.

'ఒక్కరేనా?' 1. 'ఇల్లా?' 0. 'కొత్త కట్టడమా?' 1. 'ఎన్నో అంతస్తు?' 4.

ఏ వీధో సిగ్నల్‌ని బట్టి తెర మీద కనబడుతూనే ఉంది. ఆమె రోజూ బస్సులో దాటే వీధే, అక్కడ కడుతున్న భవనం ఒక్కటే. పక్క సీటు అమ్మాయి అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ చేసి గడగడా చెప్పేస్తోంది. మెసేజక్క మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. 'కిటికీ దగ్గరికి పాకు. పడుకోకు. వస్తున్నారు. చదివితే 1.' వచ్చింది. అర నిమిషం తర్వాత మళ్లీ అడిగింది, వచ్చింది. మూడోసారి అడిగితే రాలేదు. నాలుగోసారీ రాలేదు. ఆమె అరచేతులు తడిసిపోయాయి. పందొమ్మిదేళ్ల ఆవిరిలో ఎప్పుడూ అంత తడవలేదు.

'నేనున్నా. నొక్కు.'

1.

ఆ వెనకే అంబులెన్స్ నుంచి కబురొచ్చింది. రంగులు వేసే మేస్త్రీ. తలుపులు బిగించి, మరతో రంగు చిమ్ముతూ ఆ ఘాటుకి కుప్పకూలాడు. వేళ్లకి రంగు అంటుకుని తెర సరిగా పనిచెయ్యలేదట. నలభై ఏడేళ్లు. ప్రాణానికి భయం లేదు.

పక్క సీటు అమ్మాయి హెడ్‌సెట్ ఊడబెరికి మెసేజక్కని వాటేసుకుంది. ఆ అమ్మాయి భుజం మీదుగా చూస్తే, వెనక సూపర్‌వైజర్ నిలబడి ఉంది. ఎప్పట్నించి నిలబడిందో తెలియదు.

తన గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, ఫోన్లో కొట్టింది. 'మీరు నిబంధనను అతిక్రమించారు. కారణం తెలియజేయగలరు.'

మెసేజక్క కట్టుబాటు సంగతంతా రాసింది. చివర ఒక మాట చేర్చింది. 'మీ వాక్యాలు మంచివే మేడమ్. మంచంలో పడుకుని తీరిగ్గా చదివేవాడికి.'

పంపాక నాలుక్కరుచుకుంది. నోరు లేనిదానికి ఇంత నోరా అని తనమీద తనకే కోపమొచ్చింది. సూపర్‌వైజర్ అది రెండుసార్లు చదివి, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, 'సాయంత్రంలోగా మా నిర్ణయాన్ని తెలియజేస్తాం' అని పంపింది.

ఆరింటికి మెసేజక్క భర్త బస్సెక్కి, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుంది. భర్త టికెట్లు కొడుతూనే కళ్లతో అడిగాడు. పెదవి విరిచింది. మూడు స్టాపులు దాటినా ఫోన్ కదల్లేదు. నాలుగో స్టాపులో ఇక ఉండబట్టలేక తనే కొట్టింది.

'రేపు రావాలా? 1 అవును. 0 కాదు.'

అటు సూపర్‌వైజర్ ఏదో రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు ఎగిరాయి. ఆగాయి. మళ్లీ ఎగిరాయి. పెద్ద ఉత్తరమే తయారవుతోందనుకుంది మెసేజక్క. మంచి మాట అంత పొడుగుండదు. చుక్కలు మళ్లీ ఆగిపోయాయి. ఒక స్టాపు దాటింది.

ఫోన్ అరచేతిలో ఒక్కసారి అదిరింది.

1.

దాని కింద ఇంకో మెసేజ్: 'వాక్యాలు మళ్లీ రాద్దాం. మీ పుస్తకం తీసుకురండి.'

ఆమె ఫోన్ ఎత్తి భర్తకి చూపించింది. ఆయన చదివాడు. టికెట్ల సంచీ సర్దుకుని, బస్సు మధ్యకెళ్లి నిలబడి, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని నోరు తెరిచాడు. పండక్కి దాచిపెట్టానన్న గొంతు అదే కాబోలు. ఆయన ఏమన్నాడో ఆమెకి వినపడలేదు. నిద్రపోతున్న ముసలాయన దిగ్గున లేవడం, ముందు వరసలోంచి వెనక వరస దాకా తలలన్నీ తనవైపు తిరగడం మాత్రం చూసింది.

మెసేజక్క వెన్ను నిటారు చేసి కూర్చుంది. చేతిసంచీలోంచి పుస్తకం తీసి, ఎడమ పేజీ తెరిచి, 1 అని రాసి తారీఖు వేసింది.