సెకన్లలో మౌనం

కుడికాలితో బల్ల కింది పెడలు నొక్కగానే హెడ్‌ఫోన్లలోని గొంతు ఆగిపోయింది. ఆమె రికార్డును కొంచెం వెనక్కి జరిపి, మళ్లీ విని, మాటల మధ్య ఖాళీని కొలిచి టైపు చేసింది: మౌనం, ఆరు సెకన్లు.

మతిమరుపు జబ్బు పడ్డవారిని ఇళ్లలో చూసుకునే బంధువుల దుఃఖం మీద జరుగుతున్న అధ్యయనం అది. ప్రశ్నలు అడిగేవారు వేరు. రికార్డయిన మాటలను అక్షరాల్లోకి దించడం ఆమె పని. పదకొండేళ్లుగా ఇటువంటి పనే చేస్తోంది. హెడ్‌ఫోన్ల ఎడమవైపు స్పాంజి పెచ్చులూడి, సాయంత్రానికి ఆమె జుట్టులో నల్లని పొట్టు తేలుతుంది. మాటలు ఎవరైనా దించగలరు గాని, మౌనాలను ఆమెలా కొలిచేవారు లేరని పేరు. అందుకే ఆ గదిలో అందరికీ ఆమె చెవులమ్మ.

"చెవులమ్మా, నేనిప్పుడు ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నానో చెప్పు చూద్దాం," అంది పక్కబల్ల టైపిస్టు.

"పుట్టాక నువ్వు ఒక్కసారీ అలా లేవు," అంది ఆమె తలెత్తకుండా.

ఆ గదికి రెండు నియమాలు. ఫోన్లు తలుపు దగ్గరి సొరుగులో పెట్టాలి. తెలిసిన గొంతు వినిపిస్తే వెంటనే ఆపి, ఫైలు తిరిగి ఇచ్చేయాలి. రెండో నియమంతో ఆమెకు ఇన్నేళ్లలో పని పడలేదు.

రెండున్నరకు ముప్పై ఏడో నంబరు ఫైలు తెరిచింది. తొమ్మిది రోజుల కిందటి రికార్డు. ముందుగా ఒక దగ్గు, దాని చివర సన్నని ఈల. రోజూ ఉదయం ఇంట్లో స్నానాలగదిలోంచి వినిపించే దగ్గు.

తమ్ముడు.

ఉద్యోగం మానుకుని నాలుగేళ్లుగా అమ్మ దగ్గర ఉంటున్నది అతడే. సంపాదన ఆమెది, చాకిరీ అతడిది. ఈ పంపకం న్యాయమైనదేనా అని ఆమె ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. జవాబు తేలేలోగా ఆఫీసు వేళ అయ్యేది. తాను ఏ అధ్యయనానికి టైపు చేస్తున్నదో ఇంట్లో చెప్పలేదు, ఇంటర్వ్యూ ఇచ్చినట్టు అతడూ చెప్పలేదు.

ఆపాలి. ఆపలేదు.

"మీకు తోడుగా ఇంకెవరైనా ఉన్నారా?" అని ఇంటర్వ్యూ చేసే అమ్మాయి అడిగింది.

"అక్క ఉంది. సాయంత్రం వస్తుంది. అమ్మ తిందా అంటుంది. తిందంటాను. అంతే."

"నిజంగా తింటున్నారా?"

మౌనం, పదకొండు సెకన్లు.

"రెండు చెంచాలు దిగితే గొప్ప. మిగతాది నేనే తినేసి ప్లేటు సింకు పక్కన పెడతాను. అక్క చూసేది దాన్నే."

అంచుకు పచ్చగీత ఉన్న పళ్లెం. ప్రతి సాయంత్రం, చెప్పులు విప్పకముందే, ఆమె చూపు దాని మీదికి పోయేది. ఖాళీగా ఉంటే నిశ్చింత. తనే కడిగి బోర్లించేది. తరువాత అమ్మ గదిలోకి తొంగిచూసేది. దుప్పటి గడ్డం దాకా కప్పి ఉండేది. దాని కింద మనిషి ఎంత మిగిలిందో ఎత్తి చూడాలని ఎన్నడూ తోచలేదు.

"మరి అక్కకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆసుపత్రి అంటుంది. ముక్కులో గొట్టం వేస్తారు. మతి బాగున్నప్పుడే అమ్మ నాతో అంది, నాకవన్నీ వద్దురా అని. అక్క ముందు అనలేదు. అక్కతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఎవరున్నారు గనక." అతడు చిన్నగా నవ్వాడు. "అమ్మ పోతుందన్న ఏడుపు ఎప్పుడో అయిపోయిందండీ. ఇప్పుడు ఉన్నదల్లా అక్క వచ్చే వేళకు పట్టుకునే భయం."

తరువాత చాలాసేపు ఏమీ లేదు. ఆ చివర, లోపలి గదిలోంచి, దారంలా సాగిన ఒక గొంతు: "అమ్మాయి వచ్చిందా?"

"లేదమ్మా. ఇంకా టైముంది."

లేచి, ఫైలు ఇచ్చేసి, ఇంటికి వెళ్లవలసింది. కాని ఆమె రికార్డును వెనక్కి జరిపి ఆ మౌనాన్ని కొలిచింది. నలభై సెకన్లు. మళ్లీ కొలిచింది. నలభై ఒకటి. ఒక సెకను తేడాతో ఫైలు ఇవ్వడం తనకు చేతకాదని సర్దిచెప్పుకుంది. నిజానికి, కొలుస్తున్నంతసేపూ అమ్మ ఆ మౌనానికి అవతలి ఒడ్డున ఉంది, తన కోసం అడగబోతూ. ఎన్నిసార్లు వెనక్కి జరిపితే అన్నిసార్లు అడుగుతుంది. ఆమె కాలు పెడలు మీదే ఉండిపోయింది.

పక్కబల్ల ఖాళీ అయ్యాక గాని గడియారం చూడలేదు. ఐదు దాటింది. సొరుగులోని ఫోనులో ఐదు పిలుపులు, అన్నీ తమ్ముడివే. మొదటిది నాలుగుకు పది నిమిషాల ముందు వచ్చింది. తిరిగి పిలిచేందుకు వేలు ఎత్తి, మళ్లీ దించి, ఇంటిదారి పట్టింది.

తలుపు తెరిచే ఉంది. తమ్ముడు గడపలో కూర్చుని ఉన్నాడు.

"నాలుగింటికక్కా. నిద్రలోనే," అన్నాడు. "ఊపిరిలో తేడా కనిపించినప్పటి నుంచీ నీకు చేస్తూనే ఉన్నాను."

"ఫోన్ సొరుగులో ఉంది."

"నీకో మాట చెప్పాలి. తిట్టుకోకు..."

"విన్నాన్రా," అంది ఆమె.

అతడు అర్థంకానట్టు చూశాడు. ఆమె లోపలికి వెళ్లి, మొదటిసారిగా దుప్పటి ఎత్తింది. అమ్మ మణికట్టును తన బొటనవేలు, చూపుడువేలు చుట్టి పట్టుకుంటే ఇంకా చోటు మిగిలింది. చాలాసేపటికి దుప్పటి మళ్లీ గడ్డం దాకా కప్పి, నీళ్ల కోసం వంటగదిలోకి నడిచింది.

సింకు పక్కన పచ్చగీత పళ్లెం ఉంది. పైన పొర కట్టిన గుజ్జన్నం, దాని అంచున ఒకే ఒక్క చెంచా మేర గుంట.