డబ్బాలో నిలిచిన నీళ్లు

బడే సాబ్ కాలువ మెట్ల మీద వంగి, అడుగు లేని నూనె డబ్బాను నీళ్లలో పాతిన కొలబద్ద చుట్టూ దించాడు. బయట గాలికి నీళ్లు ఎగిరిపడుతున్నా, డబ్బాలోవి కాసేపటికి బుద్ధిగా నిలిచాయి. అప్పుడు కళ్లు చికిలించి అంకె చదివి పుస్తకంలో రాసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు మూడుసార్లు ఇదే పని. ఎండకు కమిలిన మెడ, నీళ్లకు నానిన వేళ్లు, మడమల పగుళ్లలో ఎప్పటికీ వదలని బురద. ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది.

సంతోషంగా పోవలసిన మనిషికి ముద్ద దిగడం లేదు. గట్టు పక్కన చిన్న బావి తవ్వి ఆ ఏడే పెట్టిన, నీటి మట్టాన్ని కాగితం మీద గీతగా గీసే మిషను, ఇతని లెక్కకంటే నీళ్లు నాలుగు వేళ్లు ఎక్కువని చూపిస్తోంది. ఇంకేముంది, ఇంట్లో కూర్చుని అంకెలు రాస్తున్నాడని పెద్ద ఇంజనీరు నలుగురిలో అనేశాడు. పెద్దకడుబూరు రైతులు చేలకు నీళ్లందడం లేదని మొత్తుకుంటున్నా, మిషను ముందు మనిషి మాట ఎవడు వింటాడు? పడ్డవాడు చెడ్డవాడు కాదని భార్య అమీరున్నీసా పొద్దున సద్దిమూట ఇస్తూ సర్దిచెప్పింది. పోతూ పోతూ దొంగ అనిపించుకోవడమా అని అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

పదకొండింటికి చిన్న ఇంజనీరు శేషప్ప వచ్చాడు. మిషను కాగితం విప్పితే, పది రోజులుగా గీత తాడు లాగినట్టు తిన్నగా ఉంది.

"పారే నీళ్లు పది దినాలు కదలకుండా యాడన్నా ఉంటాయా సార్?" అన్నాడు బడే సాబ్ మెల్లగా.

ఇద్దరూ దిగి, కాలువ నీళ్లు బావిలోకి పోయే గొట్టాన్ని తడిమారు. దాని నోటి నిండా చీర పేలికలు, బంకమట్టి. పక్కనే బట్టలుతుకుతున్న హులిగెమ్మ నాలుక కరుచుకుంది.

"ఆ బొక్కలో పాము దూరింది సారూ. సాబన్న దినామూ ఈడనే వంగుతాడు, యాడ కరుస్తాదో అని నేనే మూసినా."

మట్టి తీయగానే, కాలువ తగ్గినా బావిలోనే ఇరుక్కుపోయిన పాత నీళ్లు బుడబుడమంటూ సరిగ్గా నాలుగు వేళ్లు దిగాయి. బడే సాబ్ గుండెల మీది బండా వాటితోపాటే దిగింది. హులిగెమ్మను తిట్టబోయి నవ్వేశాడు. శేషప్ప పుస్తకం తీసుకుని, ఆ పది రోజుల అంకెల కిందా 'సరి' అని సంతకం పెట్టాడు. పైనుంచి నీళ్లు పెంచమని కబురు కూడా పంపాడు.

టీ తాగుతూ, ఇప్పుడు సముద్రం మట్టాన్ని ఆకాశం నుంచి ఉపగ్రహంతో కొలుస్తున్నారని చెప్పాడు శేషప్ప. నడిసముద్రంలో బాగానే కొలుస్తుందట. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం నేలా నీళ్లూ కలగలిసిపోయి లెక్క తప్పుతుందట.

"ఒడ్డు కాడనే గదా సార్ మనుషులుండేది," అన్నాడు బడే సాబ్.

సాయంత్రం చివరి అంకె రాసి, పుస్తకం అప్పగించి, తేలిక పడిన మనసుతో ఆదోని బస్సెక్కాడు. డబ్బాను మాత్రం తీసుకుపోలేదు, తీగతో కొలబద్దకే కట్టి వెళ్లాడు. గాలికి కాలువంతా గంతులేస్తోంది, డబ్బాలో నీళ్లు మాత్రం నిలకడగా ఉన్నాయి.