జున్నుపాల వాటా

వీరాస్వామి పొదుగు కడిగి, వేళ్లకు ఆముదం రాసుకుని, ఇత్తడి తపేలాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని గొంతుక్కూర్చునేసరికి తూరుపు తెల్లబడుతోంది. సూర్యకాంతమ్మగారి గేదె ఈని ఇవాళ్టికి మూడో రోజు. జున్నుపాలు పసుపు కలిపినట్టు చిక్కగా ఉండి, తపేలాలో పడుతుంటే మామూలు పాలకు వచ్చే చప్పుడు రావడం లేదు. ఎడమ కణతను గేదె డొక్కకు ఆనించి, కళ్లు మూసుకుని, అతను ధారను చేతులతోనే చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా అలా ఆనించీ ఆనించీ ఆ కణత దగ్గర జుట్టు ఊడిపోయి నున్నగా అయింది.

చూడ్డానికి వీరాస్వామిలో ఏమీ లేదు. యాభై రెండేళ్లు, బక్కపలచని ఒళ్లు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన గళ్ల లుంగీ. చేతులు మాత్రం మోచేతుల దగ్గర నుంచి వేరే మనిషివి తెచ్చి అతికించినట్టు లావుగా ఉంటాయి. బొటనవేళ్లు రెండూ కణుపు దగ్గర బయటికి వంగిపోయి కాయలు కాశాయి. ఊళ్లో ఏడిళ్ల పాడి ఆ చేతుల మీదుగా నడిచేది. గేదె తన్ని అతను పనికి రాని రోజున తప్ప అతనొకడున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

మూడు చన్నులు ఖాళీ చేసి, నాలుగోది ముట్టుకోకుండా లేచాడు. సూర్యకాంతమ్మగారు చెంబుతో ఎదురొచ్చారు. గేదె ఈనితే మూడో రోజు ఉదయం ఒక చెంబుడు జున్నుపాలు పాలు తీసేవాడికి చెందుతాయి. కాయితం మీద ఎవరూ రాసుకోకపోయినా ఆ మామూలు ఏ ఇంట్లోనూ తప్పదు. పిసినారి అని పేరుపడ్డ ఇంట్లో కూడా తప్పదు.

"అమ్మగారండి, నా చెంబుడూ ఈసారి నాకొద్దండి. ఆ ఒక్క చన్నూ దూడకి వదిలేసేనండి" అన్నాడు.

"నువ్వు తాగవు, సరే. సంపూర్ణ తింటుందిగా. పట్టుకెళ్లు."

"అడిగేనండి. దూడకే ఇచ్చెయ్యమందండి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూశారు. "ఏం మనుషులో మీరు. నీ వాటా, నీ ఇష్టం."

దూడను వదిలాడు. పోతుదూడ. కాళ్లింకా కుదురుగా నిలవడం లేదు. తల్లి పొట్ట కింద దూరి రెండుసార్లు తలతో పొడిచి, చన్ను దొరకబుచ్చుకుంది. తోక టపటపా ఆడించింది. వీరాస్వామికి తరవాతి ఇంటికి వేళ మించిపోతోంది. నిలబడి చూడాలని ఉన్నా చూడలేదు.

ఈ దూడ బతకాలి. అతనికి ఈ ఏడాది వేరే కోరికేం లేదు. దానికో కారణముంది.

ఈ గేదెకే కిందటి ఈతలో ఒక పోతుదూడ పుట్టింది. ఇరవయ్యో రోజున చచ్చింది. పాలు లేక చచ్చిందని ఊరందరికీ తెలుసు, దిష్టి తగిలిందని ఊరందరూ అన్నారు. దూడ కనపడకపోతే గేదె చేపదు, పాలు పైకి పట్టేస్తుంది. అందుకని చచ్చిన దూడ తోలు ఉప్పుపెట్టి ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి, తోలుదూడ చేశారు. దబ్బనంతో దాన్ని కుట్టింది వీరాస్వామే. చెయ్యి నేర్పున్న మనిషి కదా, అతనికే చెప్పారు. రోజూ దాని వీపు మీద చారెడు ఉప్పు చల్లి గేదె ముందు నిలబెట్టేవాడు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చేది. నాలుగు నెలలు అలా పితికాడు, ఒక్క రోజు కూడా ఏమీ అనిపించలేదు. ఆ మాట తల్చుకుంటే అతనికి ఇప్పుడు తన మీదే ఒళ్లు మండుతుంది.

తొంభై ఆరు తుఫాను వెళ్లిన మరుసటేడు, శ్రావణం ముసుర్లో తోలు నాని పొట్ట దగ్గర కుట్టు తెగింది. గేదె నాకుతూ నాకుతూ ఆ చిరుగులోంచి గడ్డి పీకి తినడం మొదలుపెట్టింది. తన బిడ్డ కడుపులోంచి గడ్డి లాక్కుని, తీరుబడిగా, నెమరేస్తూ తింది. అప్పటికీ వీరాస్వామి చేతులు ఆగలేదు. తపేలా నిండింది. తీరా సూర్యకాంతమ్మగారు ఎప్పటిలా టీ ఇస్తే గొంతు దిగలేదు. ఆవేళ్టి నుంచి పాలు లేవు, పెరుగు లేదు, మజ్జిగ లేదు, నెయ్యి లేదు.

మానడం చెప్పినంత తేలికైతే బాగానే ఉండును. ఏడిళ్లలోనూ పాలు తీసేవాడికి గ్లాసు నిండా టీ, ఒక్కో గ్లాసుకి రెండు చెంచాల పంచదార. ఒక్కసారిగా అన్నీ పోయేసరికి మొదటి పది రోజులూ తల పగిలిపోయింది. నాలుగయ్యేసరికి చేతులు వణికేవి. ఒకరోజు డబ్బాలో చెయ్యి పెట్టి పంచదార గుప్పిళ్లతో బుక్కేశాడు, చీమల్లో చీమలాగా. సంపూర్ణమ్మ ఆ డబ్బా అటక మీద పెట్టేసింది. పోనీ మిఠాయి కొనుక్కుందామంటే కోవాలో పాలు, పూతరేకులో నెయ్యి, సున్నుండలో నెయ్యి. గోదావరి జిల్లాలో తీపి తినాలన్న వాడికి గేదె మొహం చూడకుండా దారి లేదని అతనికప్పుడు తెలిసింది. ఏ నెల్లాళ్లకో ఇంకోటి కూడా తెలిసింది. నాలుక ఏడుస్తున్నది పాలకోసం కాదు, పాలలో కరిగిన పంచదార కోసం. అక్కణ్ణించి దారి దొరికింది. జేబులో ఉడకబెట్టిన చిలగడదుంప, కార్తీకం వస్తే తేగ, మాగిన చక్రకేళి, మరీ ప్రాణం లాగితే బెల్లంముక్క. మొదట్లో నిమ్మకాయంత ముక్క పట్టేది. తరవాత ఉసిరికాయంత. ఇప్పుడు చింతగింజంతతో సరిపెట్టుకుంటున్నాడు.

ఊరికి ఇదంతా వేళాకోళమైంది. మూడో ఇంట్లో పని ముగించుకుని కాలవ వంతెన దగ్గర టీకొట్టు ముందు నుంచి వెళ్తుంటే కొట్టు గంగయ్య రోజూలాగే పిలిచాడు.

"రావోయ్, కాశీకెళ్లకుండానే కాశీలో వదిలేసినోడా. డికాక్షన్ పొయ్యనా?"

"పొయ్యి. పంచదార సగమే."

"ఏ దేవుడికి మొక్కేవో చెప్పరాదూ, నేనూ ఓ దణ్ణం పెడతాను."

వీరాస్వామి గ్లాసు అందుకున్నాడు. ఏడాదిగా ఇదే వరస. కాశీలో వదిలానంటే చేతులెత్తి దణ్ణం పెడతారు. మాల వేశానంటే స్వామీ అని దారి వదులుతారు. షుగరొచ్చిందంటే అయ్యోపాపం అని కషాయాలు చెబుతారు. దూడ కోసం మానేశానంటే పళ్లికిలిస్తారు. దేవుడికి లేని లోటుకి ఉపవాసాలుండే జనం, ఆకలేసి చచ్చిన దూడ పేరు చెబితే నవ్వడమేంటి? ఈ ప్రశ్న అతను ఎవర్నీ అడగలేదు. నల్లటి టీ ఊదుకుంటూ తనలో తనే అడుగుతూ ఉంటాడు.

నవ్వులతో పోతే అదో దారి. పాలు తీసేవాడే పాలు తాగట్లేదంటే అందులో ఏదో కలిపే ఉంటాడని ఎవరో అన్నారు. ఆ మాటకి రెండిళ్లు పోయాయి. పదిహేనేళ్లు వాళ్ల పిల్లలకి పాలు పితికి పోసిన చేతులవి. పొమ్మన్న రోజున ఎందుకో కూడా చెప్పలేదు, వేరేవాణ్ణి పెట్టుకున్నాం అన్నారు, అంతే.

ఎనిమిదింటికి ఇల్లు చేరాడు. సంపూర్ణమ్మ కడియం నర్సరీకి వెళ్లే ఆటో కోసం క్యారేజీ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నర్సరీలో అంట్లు కట్టే పని ఆవిడది. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి ఎంత తోమినా పోదు.

"తాగిందా?" అంది.

"తాగుతుండగా వచ్చేసేను."

"చారన్నం ఉంది. దుంపలు ఉట్టి మీద పెట్టేను." ఆటో చప్పుడు వినబడుతుంటే తొందరగా చెప్పింది. "మట్టి సంచులు నింపేవోళ్లు కావాలని మేస్త్రీ మళ్లీ అడిగేడు. రాకూడదూ? రోజూ ఇంత చేటు మనసు పాడుచేసుకుని ఆ పనెందుకయ్యా?"

"పొదుగు తప్ప ఈ చేతులకేం తెలుసే?"

"మట్టి ఎవరికైనా తెలుస్తుంది" అనేసి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం చారన్నం తిని కాసేపు నడుం వాల్చాడు. పెరుగన్నం లేని భోజనం ఏడాది దాటినా సగంలో లేచినట్టే ఉంటుంది. మూడున్నరకి మెలకువ వచ్చేసరికి నోరంతా తీపి కోసం పీకుతోంది. పొద్దున్న పట్టిన జున్నుపాల వాసన ఎంత కడిగినా వేళ్లని వదల్లేదు. జున్నంటే అతనికి ప్రాణం. చిన్నప్పుడు వాళ్లమ్మ బెల్లం, మిరియాలు దంచివేసి, ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి బాదంఆకులో పెట్టేది. వీరాస్వామి దుంప తిన్నాడు. బెల్లంముక్క బుగ్గన పెట్టుకున్నాడు. పోలేదు. రెండు చెంబుల నీళ్లు తాగి లేచాడు. దూడ ఈపాటికి రెండో నిద్ర కూడా పోయి లేచి ఉంటుందనుకుంటూ వీధిలో పడ్డాడు.

సూర్యకాంతమ్మగారి దొడ్లోకి అడుగు పెడుతుండగానే గేదె అరుపు వినబడింది. అది ఉన్నచోటే చుట్టూ తిరుగుతోంది. దూడ లేదు. పశువుల పాక వెనక చూశాడు. గడ్డిమేటు పక్కన చూశాడు.

"దూడేదండి?"

సూర్యకాంతమ్మగారి భర్త దొరబాబు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. "బేరగాడొచ్చేడు. మధ్యాహ్నం ఆటోలో వేసేం. పోతుదూడని మేపి ఏం చేసుకుంటాం వీరాస్వామీ, అరకకి కడతామా? ట్రాక్టర్లొచ్చేసేయిగా."

"మూడు రోజుల దూడండి."

"ముప్పై రోజులున్నా అదేగా." ఆయన చొక్కా జేబులోంచి ఒక చిన్న సీసా, సూది తీసి అరుగు మీద పెట్టారు. "చేపదని బెంగపడకు. మందు తెచ్చేను. ఒక్క పోటు, రెండు నిమిషాల్లో ధార కట్టేస్తుంది. ఇంక ఆ తోలు కుట్టే గొడవ కూడా లేదు నీకు."

అంతలో సూర్యకాంతమ్మగారు లోపల్నుంచి వచ్చారు. చేతిలో అరిటాకు కప్పిన స్టీలు గిన్నె.

"ఇదిగో, నీ వాటా. నువ్వెళ్లాక దూడని లాగేసి ఆ చన్ను నేనే పితికేను. ఒకళ్ల మామూలు తినేసేరన్న మాట మా ఇంటికొద్దు. బెల్లం నీకిష్టమని రెండు దబ్బలు ఎక్కువేసేను."

ఆవిడ మొహంలో కల్మషం లేదు. నిజంగానే ప్రేమగా ఇస్తున్నారు. వంగలేని నడుముతో పితికి, అతని కోసం వండారు. పనిలోంచి పొమ్మన్నవాళ్ల మీద కూడా వీరాస్వామికి ఇంత కోపం రాలేదు. అరిటాకు పక్కకి జరిగి మిరియాల ఘాటు, యాలకుల వాసన, బెల్లం వాసన ఒక్కసారిగా కొట్టాయి. నోట్లో నీళ్లూరాయి. ఆ దూడ గొంతులోంచి లాక్కున్న పాలని తెలిసి కూడా ఊరాయి. అతను తన నోటిని తనే అసహ్యించుకుంటూ ఒక్క గుటక మింగాడు.

"నా వాటా పొద్దున్నే ఇచ్చేసేనండమ్మగారు" అన్నాడు. "ఇది నాది కాదండి."

"ఏంటీ పిచ్చి? ఇష్టమనేగా చేసేను."

"ఇష్టమేనండి."

గేదె మళ్లీ అరిచింది. దొరబాబు పేపరు మడిచి, "పొద్దు పోతోంది, కానీ మరి" అన్నారు.

వీరాస్వామి తపేలా అందుకున్నాడు. అందుకుని, తొట్టి దగ్గరికెళ్లి, శుభ్రంగా కడిగి, అరుగు చివర బోర్లించాడు. తరవాత తన చేతులు కడుక్కున్నాడు. ఆముదం జిడ్డు వదిలేదాకా బూడిదతో తోమి తోమి కడుక్కున్నాడు. రోజూ పని అయ్యాక కడుక్కునే మనిషి ఇవాళ పని మొదలుపెట్టకుండానే కడుక్కోవడం వాళ్లకి అర్థం కాలేదు.

"ఈ పూట నుంచి ఇంకెవర్నయినా చూసుకోండి బాబుగారండి. నేను మా ఆవిడతో కడియం పోతున్నాను."

"ఏమన్నామని ఇప్పుడు?" అన్నారు సూర్యకాంతమ్మగారు. ఆవిడ గొంతు నొచ్చుకుంది. గిన్నె ఇంకా చాచిన చేతిలోనే ఉంది.

ఏమన్నారో చెప్పాలంటే తోలుదూడ నుంచి మొదలుపెట్టాలి. ముప్పై ఏళ్ల పొద్దున్నలు, ముప్పై ఏళ్ల సాయంత్రాలు చెప్పాలి. అందులో తను కుట్టిన కుట్లు కూడా చెప్పాలి. వీరాస్వామికి అంత మాట్లాడ్డం రాదు. గేదె దగ్గరికి వెళ్లి, డొక్క మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు.

"తీసుకెళ్లేటప్పుడు అరిచిందాండి?" అని అడిగాడు.

"దూడకేం, గింజుకుంది కాసేపు" అన్నారు దొరబాబు. "మెడకి వాడి ప్లాస్టిక్ తాడు కట్టుకుపోయేడు. అమ్మినప్పుడు మన పలుపు ఇవ్వకూడదుగా, దాంతో పాటు పాడి పోతుంది."

వీరాస్వామి తల ఊపి, దొడ్డి గుమ్మం దాటి కాలవ గట్టు వైపు వెళ్లిపోయాడు. అరుగు మీద దొరబాబు సీసా మూత తీస్తున్నారు. గుంజ మొదట్లో దూడ పలుపు పడి ఉంది. ముడి విప్పే ఓపిక లేక తల మీదుగా లాగేసినట్టున్నారు, మెడ పట్టిన చోట అది ఇంకా గుండ్రంగానే ఉంది, రెండో కొస దూడ చీకినంత మేరా తడిగా ఉంది.